ఉప్పు లేని నీటికి ఏ పడవ? సాగర్, శ్రీశైలం వెనుక జలాల్లో ఫైబర్, అల్యూమినియం లెక్క

నల్గొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున ఉన్న ఒక ఊరి పేరు వైజాగ్ కాలనీ. సముద్రం జాడ కూడా లేని ఈ కొండల మధ్యకు ఆ పేరు ఊరికే రాలేదు. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి, ఊరికి ఆ పేరు నిలిచిపోయింది. అటు కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి ఇటు దేవరకొండ వైపు ఒడ్డుల దాకా, పడవ కొనాలనుకునే వాళ్లకు తీరం నుంచి వచ్చిన ఒక మాట తరచూ వినిపిస్తుంది: ఫైబర్ అయితే తుప్పు పట్టదు, అల్యూమినియం ఉప్పుకు ఆగదు.

ఆ మాట సముద్రం దగ్గర పుట్టింది. అక్కడ కూడా అది సగమే నిజం. కృష్ణా నీటిలో ఉప్పు లేదు. ఉప్పు పోగానే లెక్క తిరగబడుతుంది. అల్యూమినియంకు ఉన్న పెద్ద శత్రువు పక్కకు తప్పుకుంటుంది. ఫైబర్‌కు సముద్రంలో అంతగా అంటని రెండు జబ్బులు ఇక్కడ ముందుకొస్తాయి. అయితే సాగర్‌లోనైనా శ్రీశైలంలోనైనా పడవ ఆయుష్షును తేల్చేది నీటికంటే ఎక్కువగా ఒడ్డు, ఆ తర్వాత రిపేరు చేసే చేయి. కొనే ముందు ఈ రెండింటినీ చూసుకోకుండా సముద్రం లెక్కతో బేరం కుదుర్చుకుంటేనే డబ్బు నీళ్లపాలవుతుంది.

ముందు ఉప్పు సంగతి. చేపల పులుసు మిగిలితే రాత్రికి సిల్వర్ గిన్నెలో ఉంచొద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. మనం సిల్వర్ అని పిలిచే ఆ గిన్నె అల్యూమినియమే. గాలి తగలగానే అల్యూమినియం మీద కంటికి కనిపించని పలుచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం లోపలి లోహం క్షేమం. పులుసులోని చింతపండు ఆ పొరను కరిగిస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ దానికి అక్కడక్కడా చిల్లులు పెడుతుంది. తెల్లారి గిన్నె తోమితే కనిపించే సన్నటి గుంటలు అవే. పడవలోనూ జరిగేది ఇదే. ఇనుములా అంతటా ఒకేలా తుప్పు పట్టదు, ఒక చుక్క దగ్గర గుంట పడి లోతుకు దిగుతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అందులో క్లోరైడ్ ఒక్కటే 19 గ్రాముల దాకా ఉంటుంది. కృష్ణా నీటిలో క్లోరైడ్‌ను గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో కొలవాలి. అందుకే సముద్రంలో అల్యూమినియం గురించి పడే భయం ఇక్కడికి మోసుకు రావాల్సిన పని లేదు. ఆ మాటకొస్తే సముద్రంలోనూ సరైన రకం అల్యూమినియం ఏళ్ల తరబడి నిలుస్తుంది. భారత తీర రక్షక దళం వాడే ఇంటర్‌సెప్టర్ బోట్లలో అల్యూమినియం అడుగుతో కట్టినవి చాలా ఉన్నాయి. తేడా అంతా మిశ్రమంలో ఉంటుంది. 5052, 5083, 5086 అని పిలిచే రకాల్లో మెగ్నీషియం కలుపుతారు, పడవలకు పనికొచ్చేవి ఇవి. రాగి ఎక్కువగా కలిపిన రకాలు బలంగా ఉన్నా నీటిలో త్వరగా పాడవుతాయి. కిటికీలకు వాడే 6063 సెక్షన్లు, గిన్నెలకు వాడే మెత్తటి రేకు పడవ అడుగుకు సరిపోవు. అమ్మేవాళ్లు 'అల్యూమినియం' అన్న ఒక్క మాటతో సరిపెడితే, అది ఏ నంబరు రేకో బిల్లు మీద రాయించుకోవాలి.

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట. ఫ్లోరైడ్ ఈ ప్రాంతపు బోరు నీటి సమస్య. రాళ్ల పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన భూగర్భ జలంలోకి అది కరిగి వస్తుంది. కృష్ణలో పారి వచ్చే నీటి సంగతి వేరు, పడవకు దానితో పేచీ లేదు.  

నీటిలో ఉప్పు లేకపోయినా పడవలోకి మనమే ఎక్కించే ఉప్పు ఒకటుంది. వెనుక జలాల్లో పడవ చేపలకు మాత్రమే ఉండదు. అవతలి ఒడ్డున పొలం ఉన్నవాళ్లు ఎరువు బస్తాలు దాటిస్తారు. ఎర్ర పొటాష్ అని పిలిచే ఎరువు రసాయనం ప్రకారం పొటాషియం క్లోరైడ్, ఉప్పుకు దగ్గర బంధువు. బస్తా చిరిగి రెండు పిడికిళ్లు అడుగున పడి, దాని మీద తడి గోనె సంచి రోజుల తరబడి ఉంటే ఆ సంచి కింద చిన్న సముద్రమే తయారవుతుంది. సిమెంటు బస్తా సంగతి ఇంకో రకం. తడిసిన సిమెంటు క్షారం, అల్యూమినియం క్షారానికి అసలు ఆగదు. సున్నం కూడా అంతే. ఎండబెట్టడానికి చేపలకు ఉప్పు పట్టించే పని కూడా పడవలో పెట్టుకోకూడదు. అల్యూమినియం పడవ ఉన్నవాళ్లు సరుకు దించిన రోజే అడుగు కడిగి, సంచులు తీసి, ఆరబెట్టాలి. ఇంతకుమించి పెద్ద సేవ దానికి అక్కర్లేదు.

రాగి, ఇత్తడి మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఇత్తడి నట్టు, రాగి తీగ తడిలో అల్యూమినియంను తాకితే అక్కడ చిన్న బ్యాటరీ పుట్టి అల్యూమినియం తరుగుతుంది. ఉప్పు నీటిలో ఇది వేగంగా, మంచినీటిలో నెమ్మదిగా జరుగుతుంది. దీనికి విరుగుడుగా తనను తాను అరగదీసుకునే లోహపు బిళ్ల బిగిస్తారు. సముద్రంలో జింక్ బిళ్ల పనిచేస్తుంది. మంచినీటిలో జింక్ మీద పొర గట్టిపడి అది పనిచేయడం మానేస్తుంది, ఇక్కడికి మెగ్నీషియం బిళ్ల కావాలి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో కొన్న సామాను ఇక్కడికి తెచ్చేవాళ్లు ఈ ఒక్క వస్తువు దగ్గర పొరబడే అవకాశం ఎక్కువ.

ఇక ఫైబర్. అసలు అందులో ఉన్నది గాజు పీచు, దాన్ని పట్టి ఉంచే రెసిన్. పైన నున్నగా మెరిసే రంగు పూత జెల్‌కోట్. అచ్చులో ముందు జెల్‌కోట్ పూసి, దాని మీద గాజు పీచు చాపలు పరుస్తూ రెసిన్ తడుపుతూ పొరలు పొరలుగా కడతారు. ఒకసారి అచ్చు ఉంటే ఎన్ని పడవలైనా దించవచ్చు, అందుకే ధర దిగుతుంది. 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ బంగాళాఖాతం ఒడ్డున అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి వచ్చి ఆగే పడవల మీద ప్రయోగాలు చేసింది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పోయిన కట్టుమరాల స్థానంలో ఫైబర్ పడవలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. చెక్క దొరకడం తగ్గి, ఇంజన్ల వాడకం పెరిగి తీరమంతా ఫైబర్‌కు అలవాటు పడింది. అక్కడ పడవ దిగేది ఇసుక మీద. ఇసుక కూడా అరగదీస్తుంది కానీ, బండలా కోయదు.

మంచినీటిలో ఫైబర్‌కు వచ్చే మొదటి జబ్బు బొబ్బలు. రాత్రి నానబెట్టిన ఎండు ద్రాక్ష తెల్లారేసరికి ఎందుకు ఉబ్బుతుందో, కారణం అదే. బడిలో ద్రవాభిసరణం అని చదువుకున్నది. జెల్‌కోట్ గుండా నీరు అణువు అణువుగా లోపలికి చేరుతుంది. సరిగా గట్టిపడని రెసిన్‌లో మిగిలిన పదార్థాలు ఆ నీటిలో కరిగి చిక్కటి ద్రవం అవుతుంది. బయట పలుచటి నీరు, లోపల చిక్కటి ద్రవం ఉన్నప్పుడు నీరు లోపలికే లాగబడుతుంది, పూత కింద బొబ్బ లేస్తుంది. పొడిస్తే పుల్లటి వాసనతో జిగురు నీరు కారుతుంది. సముద్రంలో బయటి నీరే ఉప్పుతో చిక్కగా ఉంటుంది కాబట్టి లాగుడు తక్కువ. నీరు ఎంత మంచిదైతే, ఎంత వెచ్చగా ఉంటే బొబ్బలకు అంత అనుకూలం. ఎండాకాలం పాలమూరు, నల్గొండ జలాశయాల పైనీరు వెచ్చగా ఉండేదే. నెలల తరబడి నీటిలోనే కట్టేసి ఉంచే పడవకు ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడప్పుడు ఒడ్డున బోర్లించి ఆరనిచ్చేదానికి తక్కువ.

దీన్ని భూతద్దంలో పెట్టి చూపించడం కూడా సరికాదు. బొబ్బల వల్ల చిన్న వేట పడవ మునగడం అరుదు. అవి ముదిరేలోపే అడుగు అరిగి పడవ మూలపడుతుంది. నిజంగా కొంప ముంచేది రెండో జబ్బు, లోపలి చెక్క కుళ్లడం. చాలా ఫైబర్ పడవల్లో ఇంజన్ బిగించే వెనుక పలక లోపల, అడుగున అడ్డదూలాల్లో ప్లైవుడ్డో చెక్కో పెట్టి మీద ఫైబర్ కప్పుతారు. బోల్టు రంధ్రం గుండా నీరు దిగితే చెక్క లోపలే నానుతుంది. ఉప్పు నీరు చెక్కను కుళ్లబెట్టే బూజును కొంత అణచి ఉంచుతుంది. మంచినీటికి ఆ గుణం లేదు. బయటికి అంతా మెరుస్తూనే ఉంటుంది, లోపల వెనుక పలక తడి అటుకుల్లా అయిపోయి ఉంటుంది. ఒక రోజు ఇంజన్ పూర్తి వేగం మీద ఉన్నప్పుడు పలక ఊడితే, ఇంజన్ పోవడంతో పాటు నీరు లోపలికి వచ్చే దారీ తెరుచుకుంటుంది. పాత ఫైబర్ పడవ కొనేవాళ్లు ముందు వెనుక పలకనే చూడాలి. ఒక రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోతే గట్టి చోట టంగున మోగుతుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది.

ఇప్పుడు ఒడ్డు. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. శ్రీశైలం నిండు మట్టం 885. అంటే సాగర్‌లో ఏడాది పొడవునా నీటి గీత 80 అడుగుల ఎత్తు దాకా ఎక్కి దిగగలదు. వాలు తక్కువ ఉన్న చోట ఆ ఎత్తు కాస్తా ఒడ్డున వందల గజాల వెనకడుగు అవుతుంది, కొన్నిచోట్ల అంతకంటే చాలా ఎక్కువ. సముద్రం రోజుకు రెండుసార్లు వెళ్లి మళ్లీ అదే చోటికి వస్తుంది. జలాశయం నవంబరులో ఉన్న చోట మార్చిలో ఉండదు. పడవ కట్టే చోటు ప్రతి వారం కిందికి జరుగుతూ ఉంటుంది. ఒక్కో జరుగుడుకూ పడవను రాళ్ల మీదుగా, ఎండి బీటలు వారిన బురద మీదుగా లాగాలి.

ఏప్రిల్‌లో ఒడ్డున బోర్లించిన ఫైబర్ పడవ దగ్గర కూర్చుని చూస్తే ఆ ఏడాది కథంతా అడుగు మీద రాసి ఉంటుంది. పక్కలు కొత్తవాటిలా నీలంగా ఉంటాయి. ముక్కు కింద, నడిమి వెన్ను మీద మాత్రం నీలం పోయి తెల్లటి గార, ఆ గార కూడా పోయిన చోట గాజు పీచు పాత గోనె అంచులా పోగులు పోగులుగా లేచి ఉంటుంది. వేలితో రాస్తే ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడ జెల్‌కోట్ లేదు, రెసిన్ లేదు, నీరు నేరుగా పీచు వెంట పొరల మధ్యకు దిగుతుంది. కాస్త పక్కన గోరంత నెర్రె చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు ఉంటాయి. అది నీటి కింద కనిపించని బండకు తగిలిన చోటు. పైకి చిన్నదే. లోపలి వైపు చూస్తే అరచేతి మేర పొరలు విడిపోయి తెల్లబడి ఉంటుంది.

శ్రీశైలం వెనుక జలాల్లో ఇంకో చిక్కు ఉంది. ఆ నీటి కింద ఊళ్లున్నాయి. ముంపులో పోయిన ఇళ్ల పునాదులు, గోడలు, బావుల గట్లు, చెట్ల మొద్దులు నీరు తగ్గే కొద్దీ పైకి దగ్గరవుతాయి. సోమశిలకు ఎదురుగా ఉన్న సంగమేశ్వరం గుడి ఏటా నీరు దిగినప్పుడు బయటపడుతుంది. అది కళ్లకు కనిపిస్తుంది, తప్పుకుని పోవచ్చు. నీటికి ఒక అడుగు లోతులో ఉన్న మొండిగోడ కనిపించదు.

ఇలాంటి దెబ్బకు అల్యూమినియంకు సొట్ట పడుతుంది, ఫైబర్‌కు నెర్రె పడుతుంది. ఈ ఒక్క వాక్యంలో సగం తీర్పు ఉంది. మెగ్నీషియం కలిసిన అల్యూమినియం రేకు తెగే ముందు సాగుతుంది. సాగుతూ దెబ్బ బలాన్ని తాగేస్తుంది. సొట్ట పడ్డ పడవ అందంగా ఉండదు కానీ ఆ సాయంత్రం ఇంటికి చేరుస్తుంది. ఫైబర్ ఒక హద్దు దాకా చెక్కుచెదరదు, హద్దు దాటితే ఒక్కసారిగా విరుగుతుంది. రాళ్ల ఒడ్డు మీద లాగుడుకు కూడా రేకుదే పైచేయి. గీతలు పడతాయి, ఆ గీతల మీద కొత్త ఆక్సైడ్ పొర తనంతట తానే కట్టుకుంటుంది.

బరువు విషయంలో మాత్రం అల్యూమినియం అంటే తేలిక అన్న నమ్మకాన్ని కాస్త సవరించుకోవాలి. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చదరపు మీటరు 8.1 కిలోలు తూగుతుంది. చేత్తో కట్టిన 6 మిల్లీమీటర్ల ఫైబర్ పలక అదే కొలతకు సుమారు 9 కిలోలు. చాప పీచుతో కట్టిన ఫైబర్ కంటే అల్యూమినియం దాదాపు పది రెట్లు బిగువు. కానీ మందం రెట్టింపైతే వంగని గుణం ఎనిమిది రెట్లు పెరుగుతుంది కాబట్టి, 6 మిల్లీమీటర్ల ఫైబర్ 3 మిల్లీమీటర్ల రేకుకు దగ్గరగా వస్తుంది. అంటే నిజాయితీగా కట్టిన రెండు పడవల బరువులో తేడా మనుషులు గమనించేంత ఉండదు. అల్యూమినియం పడవ చాలా తేలిగ్గా ఉంటే అది పలుచటి రేకు అయి ఉండాలి. ఫైబర్ పడవ అనుమానం వచ్చేంత తేలిగ్గా ఉంటే పీచు తక్కువ పెట్టి ఉండాలి. ఆరుబయట ఎండలో ఫైబర్ పడవను పక్కకు నిలబెట్టి, రంగు లేని లోపలి వైపు నుంచి చూస్తే కొన్నిచోట్ల వెలుతురు ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా తెలుస్తుంది. మచ్చలు మచ్చలుగా వెలుతురు వస్తే మందం సమంగా లేదని అర్థం. కొత్త పడవలో వారాలు గడిచినా ఘాటైన రెసిన్ వాసన వదలకపోతే అది సరిగా గట్టిపడలేదు. అలాంటి పడవకే బొబ్బలు ముందు వస్తాయి.

ఇంతవరకు చూస్తే అల్యూమినియం వైపు త్రాసు ఒరిగినట్టే. కానీ మార్చి నెలలో ఒక గురువారం అడుగు చిరిగిందనుకుందాం. నీరు తగ్గే ఆ రోజుల్లోనే వలకు చేప బాగా పడుతుంది. అప్పుడు పడవ వారం రోజులు ఒడ్డున పడి ఉంటే ఆ నష్టం రేకు, రెసిన్ గుణాల్లో ఎక్కడా లెక్కకు రాదు.

నల్గొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ బజార్లలో 'అల్యూమినియం వర్క్స్' బోర్డులకు లోటు లేదు. అవన్నీ కిటికీలు, పార్టిషన్లు చేసే షాపులు. కోసి, రంధ్రం చేసి, స్క్రూ బిగించి, రివెట్ కొడతారు. పడవ అడుగుకు కావాల్సింది ఆర్గాన్ వెల్డింగ్. ఇనుప గేట్లు అతికే మామూలు వెల్డింగ్ రాడ్డు ఇక్కడ పనికిరాదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. పొరను తోమి తీసి, చుట్టూ ఆర్గాన్ గ్యాస్ కప్పి ఉంచి, సరైన తీగతో అతకాలి. చేయి తిరగనివాడు పట్టుకుంటే అతుకు వేసే చోటే పెద్ద చిల్లి పడుతుంది. అతుకు పక్కన వేడి తగిలిన పట్టీ మొదటి బలం కొంత కోల్పోతుంది, అదీ లెక్కలో ఉండాలి. ఈ పని ఖాయంగా దొరికేది హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల్లో. దేవరకొండ నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే. పడవను ట్రాలీకెత్తి తీసుకుపోయి తెచ్చే ఖర్చుకు సగం కొత్త వల వస్తుంది. రివెట్లతో బిగించిన అల్యూమినియం పడవలకైతే ఇంజన్ అదురుకు రివెట్లు వదులై బొట్టు బొట్టు కారడం మొదలవుతుంది. వెల్డింగ్ పడవ దొరికినప్పుడు రివెట్ పడవ తీసుకోవడం ఈ రాళ్ల మధ్య మంచిది కాదు.

ఫైబర్ రిపేరు ఒడ్డునే జరుగుతుంది. దెబ్బ తిన్న చోటును గ్రైండరుతో చుట్టూ వాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల దూరం దాకా వాలు తీసుకుంటే కొత్త పొర పాతదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చుట్టూ అరచేతి వెడల్పు వాలు అన్నది మోటు లెక్క. ఆ తర్వాత పూర్తిగా ఆరాలి. తడి మీద వేసిన ప్యాచ్ నెల తిరగకుండా అట్టలా లేచి వస్తుంది. ఇక్కడ మన ఎండ ఒక వరం. నాలుగు రోజులు బోర్లిస్తే చాలావరకు ఆరుతుంది. కానీ అదే ఎండ రెసిన్ కలిపేటప్పుడు శాపం. మే నెల పగలు 42 డిగ్రీల్లో, రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌ను మామూలు కొలతలో పోసి కలిపితే బ్రష్షు ముంచే లోపే ప్లాస్టిక్ మగ్గులో రెసిన్ జున్నులా గడ్డకడుతుంది, మగ్గు చేతికి కాలుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకు, నీడలో, కొద్దికొద్దిగా కలుపుకుని పని ముగించాలి. హార్డెనర్‌ను, ఆ గట్టిపడటాన్ని వేగం చేసే, రంగు నీళ్లలా ఉండే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు, భగ్గుమని అంటుకోవచ్చు, పేలవచ్చు కూడా. ఒకటి రెసిన్‌లో బాగా కలిశాకే రెండోది. గ్రైండింగ్ చేసేటప్పుడు మూతికి కట్టిన తువ్వాలు గాజు ధూళిని ఆపదు. మంచి మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. పిల్లల్ని అటు రానివ్వకూడదు. ఈ ధూళి చర్మానికి అంటితే రోజంతా దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే దురదతో పోదు.

వేడి, చప్పుడు గురించి క్లుప్తంగా. అల్యూమినియం ఫైబర్ కంటే వందల రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒట్టి కాళ్లతో నిలబడలేరు, పట్టిన బొచ్చె, రవ్వ చేపలు రేకుకు ఆనుకుంటే త్వరగా చెడతాయి. చెక్క పలకలు పరుచుకుని, చేపను ఐస్ పెట్టెలో వేస్తే సరిపోతుంది. తెడ్డు తగిలితే రేకు డప్పులా మోగుతుంది, లోతు తక్కువ నీటిలో వల వేసేటప్పుడు అది ఇబ్బందే.

మునిగే ప్రమాదం మాత్రం క్లుప్తంగా దాటేసే విషయం కాదు. అల్యూమినియం నీటికంటే 2.7 రెట్లు బరువు. ఫైబర్ ఒకటిన్నర రెట్లు. నీరు నిండితే లోపల తేలే సామాను లేని ఏ పడవైనా మునుగుతుంది. 100 కిలోల అల్యూమినియం పడవ నీటిలో 63 కిలోల బరువుతో కిందికి లాగుతుంది, 100 కిలోల ఫైబర్ పడవ సుమారు 33 కిలోలతో. దానికి ఇంజన్ బరువు కలుపుకుని, ఒక లీటరు ఫోమ్ దాదాపు ఒక కిలోను మోస్తుందని లెక్క వేసుకుంటే, అల్యూమినియం పడవకు కనీసం 110, 120 లీటర్ల ఫోమ్ ఉండాలి. మనుషులు పట్టుకుని వేలాడాలంటే ఇంకా ఎక్కువ. చెరువుల్లో వేటకు థర్మాకోల్ తెప్ప వాడేవాళ్లకు అది ఎంత బాగా తేలుతుందో తెలుసు. కానీ పెట్రోలు పడితే థర్మాకోల్ చక్కెరలా కరిగిపోతుంది. ఇంజన్ ఉన్న పడవలో దాన్ని విడిగా కుక్కకూడదు. మూసిన గదిలోనో, పెట్రోలుకు ఆగే ఫోమ్‌తోనో నింపాలి. ఆరు నూరైనా ఈ ఖర్చు తగ్గించుకోకూడదు. సాగర్‌లో సాయంత్రం గాలి లేచినప్పుడు ఒడ్డు ఎంత దూరంగా కనిపిస్తుందో ఒక్కసారి చూసినవాళ్లు దీని మీద బేరం ఆడరు.

పుట్టిని, అంటే గుండ్రటి బుట్ట పడవను, ఈ పోటీలోకి లాగడం అన్యాయం. జూరాల కింద కృష్ణలో తిరిగే పుట్టికి వెన్ను లేదు, ముక్కు లేదు, జానెడు నీటిలో బండల మీదుగా జారిపోతుంది, ఒక్క మనిషి నెత్తిన బోర్లించుకుని నడుస్తాడు. కోయిల్‌సాగర్, డిండి, పానగల్ ఉదయసముద్రం లాంటి చోట్ల ఒకరిద్దరు వేటకు వెళ్లే లెక్కైతే మంచి పుట్టిని వదిలి పెద్ద పడవ కొనాల్సిన అవసరం చాలామందికి లేదు. ఇప్పుడు ఫైబర్‌తో కట్టిన పుట్టిలు కూడా వస్తున్నాయి. గుండ్రటి ఆ ఆకారానికి ఫైబర్ బాగా నప్పుతుంది.

సాగర్, శ్రీశైలం పెద్ద నీటి మీద, ఇంజన్ పెట్టుకుని, ఒక కుటుంబం ఒకే పడవ మీద బతికే పరిస్థితిలో ఈ రోజుకు ఫైబరే తీసుకోవాలి. లోహంగా అల్యూమినియందే గెలుపు. కానీ చిరిగిన రోజున అతికే మనిషి దగ్గర్లో లేని పడవ, ఎంత గట్టిదైనా ఆ కుటుంబానికి భారమే. అదే పది, పదిహేను పడవలున్న మత్స్య సహకార సంఘమైతే లెక్క మారుతుంది. నీరు బాగా తగ్గిన మే నెలలో ఆర్గాన్ వెల్డింగ్ సెట్టుతో ఒకరిని రెండు రోజులు ఒడ్డుకే రప్పించి అన్ని పడవలూ ఒకేసారి చూపించుకోవచ్చు. ఖర్చు పంచుకుంటే మోయగలిగేదే. పైగా పాతికేళ్ల తర్వాత కూడా అల్యూమినియం పడవకు తూకానికి ధర వస్తుంది, ఎందుకంటే కరిగించి మళ్లీ వాడటానికి కొత్త లోహం తీయడానికయ్యే శక్తిలో 5 శాతం చాలు. విరిగిన ఫైబర్ పడవను ఎవరూ కొనరు. ఒడ్డున పడి ఎండకు పొడి పొడి అవుతూ, ఆ గాజు పీచు మళ్లీ అదే నీటిలోకి చేరుతుంది. ఈ సంగతి మీద ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ లబ్ధిదారులకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం దాకా సబ్సిడీ పెట్టారు. సబ్సిడీ పడవ వచ్చేటప్పుడు రంగు, ఇంజన్ హార్స్‌పవర్ గురించి అడిగినంతగా అడుగు గురించి అడగరు. అడగాల్సింది అదే. సంఘం తరఫున దరఖాస్తు రాసేటప్పుడే మాకు ఇసుక ఒడ్డు కాదు, రాళ్ల ఒడ్డు అని రాయాలి. పక్కల కంటే అడుగు, వెన్ను రెట్టింపు మందం ఉండాలని, మామూలు ఆర్థో రెసిన్ బదులు నీటికి ఎక్కువ ఆగే ఐసో రెసిన్ వాడాలని, వెనుక పలకలో చెక్క పెడితే ప్రతి బోల్టు రంధ్రాన్నీ రెసిన్‌తో మూసి ఇవ్వాలని, ఫోమ్ ఎన్ని లీటర్లో రాసివ్వాలని అడగాలి. చెరువుకు కట్టిన పలుచటి పడవను సాగర్‌కు పంపితే రెండు ఎండాకాలాలు కూడా దాటదు.

ఇప్పటికే ఫైబర్ పడవ ఉన్నవాళ్లు ఈ ఏడాది నీరు తగ్గగానే చేయగలిగే పని ఒకటుంది. బోర్లించి, ఆరబెట్టి, అరిగిన వెన్నును పీచుతో పూడ్చాక, ముక్కు నుంచి వెనుక దాకా రెండు అంగుళాల వెడల్పు తుమ్మ చెక్క పట్టీని బిగించాలి. బోల్టులు అడుగు గుండా లోపలికి దించకుండా, వెన్ను మీద కట్టిన అదనపు ఫైబర్ మందంలోనే స్క్రూలు ఆగేలా చూసుకుని, ప్రతి రంధ్రంలో రెసిన్ పోసి తిప్పాలి. రాళ్లు ముందు ఆ చెక్కను తింటాయి. వచ్చే ఏప్రిల్‌కు అది అరిగిపోయి ఉంటుంది, ఊడబీకి కొత్తది వేయడానికి ఒక పూట చాలు.